స్థలము కొన్నవాడు దళారి కావలెనా?

షోలాపురములోను భివండిలోను మన కుటుంబములు మగ్గము మీద మిగిల్చిన నాలుగు డబ్బులతో ఒకటి రెండు స్థలములు కొనుట కొత్త కాదు. అట్లు కొన్నవారిలో కొందరు ఇప్పుడు స్థిరాస్తి ఏజెంటు లైసెన్సుకై తిరుగుచున్నారు. ఆ దళాలీ బయటివాని కేల, మనమే తీసికొందమని వారి వాదము. సభ్యులు పలుమార్లు అడిగినందున మా అభిప్రాయము వ్రాయుచున్నాము.

2016 నాటి రేరా చట్టము 9వ సెక్షను ప్రకారము, రిజిస్టరైన ప్రాజెక్టులో ఇతరులకు ప్లాటు గాని ఫ్లాటు గాని కొనిపించువాడు, అమ్మించువాడు ఏజెంటుగా రిజిస్టరు కావలెను. తన కొరకు ఒక స్థలము కొని, తరువాత దానిని అమ్ముకొనువానికి ఆ లైసెన్సు అక్కరలేదు. (పొలమును 500 చదరపు మీటర్లకు మించి ప్లాట్లుగా కోసి అమ్మినచో అది వేరు సంగతి, అప్పుడతడు ప్రమోటరు.) మహారాష్ట్రలో 2023 నుండి ఏజెంటుకు శిక్షణ, పరీక్ష కూడ వచ్చినవి. లెక్కల పుస్తకములు ఉంచవలెను. నియమము తప్పినచో రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది ఆస్తి విలువలో నూటికి ఐదు వరకు పోవచ్చును. ఒక్క ప్లాటు దళాలీకై ఇంత తలకెత్తుకొనుట ఏమి లాభమో!

అయినను మా అభ్యంతరము ఖర్చును గూర్చి కాదు. నూలు దళారి సొంత నూలు నిలువ పెట్టుకొన్ననాడు ముందుగా ఏ మూట చూపును? తన గిడ్డంగిలో తేమ పట్టినదానినే గదా!

మా సభ్యుడొకరు కుమార్తె పెండ్లికి దాచిన సొమ్ముతో, మనవాడే గదా అని ఒక ఏజెంటు మాటపై గుంటెడు స్థలము కొన్నారు. ఏజెంటుకు లైసెన్సు కలదు. స్థలము అతని బావమరిది పేర నున్నను పెట్టుబడి ఏజెంటుదేనని తరువాత తెలిసినది. పైగా దళాలీ కూడ పుచ్చుకొన్నాడు! సాత్‌బారా ఉతారాలో అది ఇంకను సేద్యపు భూమియే. లైసెన్సు చూచి కాగితములు చూడలేదు. మమ్ము పిలిచినది డబ్బు చెల్లిన తరువాత. ఆ బేరము మా సంఘపు వసారాలోనే నడిచినదని తలచుకొన్నప్పుడు మాకే సిగ్గు వేసినది.

కొన్నవారు కొన్నవారుగానే ఉండుట మేలని మా అభిప్రాయము. చదువుకొన్న పిల్లలు ఏజెంటు పనినే వృత్తిగా పెట్టుకొందుమన్నచో కాదనము; మగ్గము కూలి ఎరిగినవారెవరు కాదనగలరు? అయితే తమ స్థలము, తమ బంధువుల స్థలము చూపునప్పుడు ఆ సంగతి వ్రాసి ఇయ్యవలెను, దళాలీ ముట్టరాదు.

సంఘపు నోటీసు బోర్డుపై స్థలముల ప్రకటన అంటింపగోరువారు, ఆ స్థలము ఎవరిదో, తమకందు వాటా కలదో లేదో వ్రాసి, సాత్‌బారా నకలు జతపరుపవలెనని వచ్చే కమిటీలో తీర్మానము పెట్టుచున్నాము. అంతవరకు బోర్డు తాళపుచెవి మా వద్దనే ఉండును.