జామాయిల్ తోటకు నీరు: కర్ర లోపలి లెక్క

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో అడవి అంచున ఉన్న ఎర్ర చల్కా భూములలో రెండు రకాల కర్ర పక్కపక్కనే పెరుగుతోంది. హద్దుకు అటు టేకు, నల్లమద్ది, తునికి. ఇటు వరుసలు తీరిన జామాయిల్. జామాయిల్ భూమిలోని నీటిని పీల్చివేస్తుందా, లేదా అనే వాదం దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఆ వాదంలో మరుగున పడింది. తొలి ఏళ్లలో సమృద్ధిగా నీరు పొందిన చెట్టు ఎటువంటి కర్రను కడుతుంది? నీరు ఆగిన ఏడు ఆ కర్ర దానిని ఆదుకుంటుందా?

ఆకుల నుండి ఆవిరయ్యే నీరు కింది నీటిని పైకి లాగుతుంది. దారునాళాలలోని నీటి స్తంభం తెగనంతవరకే ఈ లాగుడు సాగుతుంది. నాళం వ్యాసం రెట్టింపయితే, తక్కిన పరిస్థితులు సమానమైనప్పుడు, ప్రవాహం 16 రెట్లవుతుంది. వేగంగా పెరిగే చెట్టుకు వెడల్పైన నాళాలు లాభసాటి కావటం ఇందువల్లనే. కాని నేల ఎండి లాగుడు తీవ్రమైనప్పుడు గర్తాల పొర గుండా గాలి చొరబడితే స్తంభం తెగి, నాళం పనికిరాకుండా పోతుంది. ఒకసారి ఏర్పడిన నాళాన్ని చెట్టు సన్నబరచలేదు. సర్దుబాటు జరిగితే అది ఆ తరువాత కాంబియం పొర కట్టే కొత్త కర్రలోనే.

టేకు ఈ సర్దుబాటును ఏటేటా చేస్తుంది. వేసవిలో ఆకు రాల్చి, తొలకరి వేళ పెద్ద నాళాల వరుసతో కొత్త వలయాన్ని మొదలుపెట్టి, వానలు వెనుకపట్టే కొద్దీ సన్నని నాళాలను కడుతుంది. నునుపు చేసిన దుంగ చివరను చేతి భూతద్దంతో చూసినా ఈ తేడా తెలుస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు కేరళ టేకు వలయాలతో 523 సంవత్సరాల వరుసను కూర్చి, ఎల్‌నినో కరవుల జాడలను 2010లో చూపారు. పరంబికుళం టేకుపై 2007లో వెలువడిన అధ్యయనం తొలి కర్రలోని నాళాల సగటు వైశాల్యాన్నే వాతావరణ సూచికగా వాడింది. గోదావరి లోయ టేకుకు పేరెన్నికగన్నది. అయినా ఇక్కడి విస్తరణ పాఠాలలో ఇటువంటి కొలతకు దక్కవలసిన చోటు దక్కలేదు.

నల్లమద్ది దారి వేరు. 2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానంలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది మాను బెరడుకు గాటు పెట్టగా నీరు చిమ్మింది. పత్రికలకు అది వింత. కొండరెడ్లకు ఎరుకైన సంగతే. (వార్త చదివి మానులకు గాట్లు పెట్టేవారు బయలుదేరకుంటే మేలు.)

జామాయిల్‌కు అటువంటి నిలువ నీరూ లేదు, వేసవిలో ఆకంతా రాల్చి తప్పుకునే అలవాటూ లేదు. దాని నాళాలు విడివిడిగా ఉండి, చుట్టూ సన్నని దారుకణాలు ఆవరించి ఉంటాయి; గాలి ఒక నాళం నుండి మరొక దానికి పాకటం కొంత కష్టం. మంచి రక్షణే, కాని దానికీ హద్దుంది. చెట్టు ఎత్తుతో పాటు మొదట్లోని నాళాల వెడల్పూ పెరుగుతుందని ప్రపంచవ్యాప్త కొలతలు చెబుతున్నాయి. బిందుసేద్యంతో, ఎరువుతో రెండేళ్లలో నిలువునా లేచిన తోట తన ఆకుల విస్తీర్ణాన్ని, నాళాలను ఆ నీటికి తగినట్లే కట్టుకుంటుంది. మూడవ ఏట బోరు ఎండితే ఆకును తగ్గించుకోగలదు గాని, కట్టిన కర్రను మార్చుకోలేదు. మంచి వానల ఏళ్లలో అతిగా పెరిగిన అడవులు తరువాతి కరవులో ఎక్కువగా దెబ్బతినటాన్ని శాస్త్రజ్ఞులు 2017లో ‘నిర్మాణ అతివృద్ధి’గా వివరించారు. తోటకు ఆ వివరణ వర్తించదని అనుకోవటానికి కారణం లేదు.

నాళం వెడల్పు ఒక్కటే కొలబద్ద అనటం మాత్రం తొందరపాటు. 400కు పైగా జాతులను పోల్చిన 2016 నాటి అధ్యయనంలో ప్రవాహ వేగానికీ భద్రతకూ మధ్య వైరుధ్యం బలహీనంగానే కనిపించింది. వేగం, భద్రత రెండూ హెచ్చుగా గల జాతి మాత్రం అందులో దొరకలేదు. గర్తాల పొర మందం, వేరు లోతు కూడా లెక్కలోకి రావాలి.

దేశంలో నైరుతి వర్షపాతం 2002లో 19 శాతం, 2009లో 22 శాతం, 2015లో 14 శాతం తగ్గింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. నాలుగైదేళ్లకొకసారి నరికే తోట ఈ రెండు కొసలలో దేనినైనా చూడవచ్చు. అయినా భద్రాచలం క్లోన్లపై రైతుకు అందే సమాచారం టన్నులలోనే ఉంటుంది. ఎకరాకు ఎన్ని టన్నులన్న దాని పక్కన కర్ర సాంద్రత, నాళాల సగటు వ్యాసం ఉండటం అత్యాశ కాదు. మొక్క నాటుకునే దశలో నీరివ్వటం తప్పనిసరే. ఆ తరువాత తడుల మధ్య ఎడం పెంచుతూ పోవాలే గాని, చివరి వరకు ఇవ్వలేని నీటిని మొదట ధారాళంగా ఇవ్వరాదు. తొలి కోతలో కొంత దిగుబడి తగ్గవచ్చు. కౌలు చెల్లించే రైతుకు అది చిన్న మాట కాదు గనుక, ఆ తగ్గుదల ఎంతో వ్యవసాయ పరిశోధన స్థానాలలో కొలిచి చెప్పాలి.

ఇందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ప్రతి కోతలో ఒక్కొక్క క్లోన్ నుండి మొదలు దగ్గర రెండు అంగుళాల బిళ్ల కోసి ఆరబెట్టాలి. జామాయిల్ కర్రలో వార్షిక వలయాలు స్పష్టంగా ఉండవు. కాబట్టి బిళ్ల వెనుక నాటిన తేదీ, తడుల సంఖ్య, బోరు ఆగిన నెల రాసి ఉండాలి. 2015 కరవును చూసిన జామాయిల్ కర్ర చాలావరకు ఇప్పటికే కాగితమైపోయింది.