జీతం ఇవ్వని క్లబ్‌ను బరిలోకి దించొద్దు

22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 16 ఓటములు, 8 పాయింట్లు. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మిగుల్చుకున్నది ఇంతే. పన్నెండు జట్ల పట్టికలో అట్టడుగు స్థానం. అంతకు ముందటేడు ఇదే జట్టు 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. దానికి ముందటేడు ఏకంగా చాంపియన్. ఏడాది తిరిగేసరికి ఇంత ఘోరంగా కుప్పకూలడానికి కోచ్ వ్యూహాలో, ఆటగాళ్ల అసమర్థతో కారణం అంటే మేం ఒప్పుకోం. జీతాలు అందలేదు, అందుకే జట్టు చెదిరిపోయింది. ఈ పాపం మొదట యాజమాన్యానిది. చూస్తూ ఊరుకున్నందుకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యదీ, లీగ్ నిర్వాహకులదీ కూడా.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌ను తెలుగు క్రీడాభిమానులు మరచిపోలేరు. కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోల్ కొట్టింది. ఇక చేజారిందనుకున్న దశలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకుని కప్పు తెచ్చిపెట్టాడు. కొవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే సాగింది. తమ జట్టు దేశాన్ని గెలిచిన ఏడాది గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. ఆ జట్టును సొంత గడ్డ మీద కళ్లారా చూసుకునే భాగ్యం హైదరాబాద్‌కు దక్కింది ఒక్క 2022-23లోనే.

ఆ తర్వాత జరిగింది ఆట కాదు, కూల్చివేత. జట్టును తీర్చిదిద్దిన కోచ్ మనోలో మార్క్వెజ్ గోవాకు వెళ్లిపోయాడు. బకాయిల ఫిర్యాదుల మీద ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం విధించింది. సీజన్ సగంలో, జనవరి బదిలీల వేళ, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు తరలిపోయారు. విదేశీ ఆటగాళ్లలో చివరిదాకా నిలిచింది బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జావో విక్టర్ ఒక్కడే. ప్రత్యర్థులు నలుగురేసి విదేశీయులను మైదానంలోకి దింపుతుంటే హైదరాబాద్ అతనొక్కడినీ, చుట్టూ అనుభవం లేని కుర్రాళ్లనూ పెట్టుకుని ఆడింది. ఆ కుర్రాళ్లే చెన్నైయిన్‌ను 1-0తో ఓడించి ఆ ఏకైక గెలుపు సాధించారు. వచ్చే నెల జీతం పడుతుందో లేదో తెలియకుండా తొంభై నిమిషాలు పరుగెత్తిన ఆ పిల్లలను చూస్తే ఎంత గౌరవం కలుగుతుందో, వాళ్లను ఆ స్థితిలోకి నెట్టినవారి మీద అంత కోపం వస్తుంది. ఫుట్‌బాల్ ఆటగాడు సంపాదించుకోగలిగేది మహా అయితే పది పన్నెండేళ్లు. అందులో ఒక ఏడాదిని మింగేసే హక్కు ఎవరికీ లేదు.

సరిగ్గా ఆ సీజన్ ముగిసే వేళకే, 2024 ఏప్రిల్‌లో, హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితంపై తీసిన ‘మైదాన్’ సినిమా విడుదలైంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన గురువు ఆయన. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ వైభవం గురించి మాట్లాడేవాళ్లు ఒక సంగతి వదిలేస్తుంటారు. ఆ ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. నెల తిరిగితే జీతం చేతికొచ్చేది, రేపటి దిగులు లేకుండా ఆడారు. డెబ్బై ఏళ్ల కిందట ఒక ప్రభుత్వ శాఖ ఇవ్వగలిగిన భరోసాను, కోట్లలో మాట్లాడే నేటి లీగ్ ఇవ్వలేకపోవడం సిగ్గుచేటు.

నిబంధనలు లేక కాదు. బకాయిలు ఉండరాదన్న షరతు క్లబ్ లైసెన్సింగ్‌లో ఉంది. తప్పినవారికి మినహాయింపు అడుక్కునే దారీ ఉంది. పైగా 2023-24 సీజన్‌లో చివరి స్థానం వచ్చినా కింది డివిజన్‌కు దిగజారే భయం లేదు. గట్టిగా పట్టుకుంటే క్లబ్బులు మూతపడతాయి, పెట్టుబడిదారులు దొరకరు అని సమాఖ్య పెద్దలు వాదిస్తారు. మరి చూసీచూడనట్లు వదిలేస్తే ఏ క్లబ్ బతికింది? డబ్బు ఇబ్బందులతో పుణె మూతపడితే, ఆ స్థానంలో 2019లో హైదరాబాద్ వచ్చింది. 2024లో హైదరాబాద్ చేతులు మారింది. కొత్త యజమానుల చేతుల్లో జట్టు మరుసటి సీజన్‌లో 18 పాయింట్లతో పదమూడు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచింది. 2025లో వాళ్లు జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. ఆరేళ్లు వెంట నడిచిన అభిమానులకు మిగిలింది పసుపు రంగు జెర్సీలే. ఆ డిసెంబరులోనే మెస్సీని చూడటానికి ఉప్పల్ స్టేడియానికి జనం తరలివచ్చారు. ఈ ఊళ్లో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదనే మాట ఇక ఎవరూ అనకూడదు.

సీజన్ మొదలవడానికి ముందే ఆటగాళ్లకు, సిబ్బందికి ఆరు నెలల జీతాల సొమ్మును ప్రతి క్లబ్ సమాఖ్య వద్ద జమ చేయాలి. జీతం ఒక్క నెల ఆగినా అందులోంచి చెల్లించాలి. సొమ్ము కట్టలేని క్లబ్‌ను ఎంత పెద్ద పేరున్నా బరిలోకి దించకూడదు. ఊరు మార్చదలచిన యాజమాన్యానికి అభిమానుల వాదన బహిరంగంగా వినకుండా తరలింపునకు అనుమతి ఇవ్వకూడదు. ఫుట్‌బాల్ మీద ఆసక్తి చూపుతున్న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజు వేడుకలతో సరిపెట్టక, గచ్చిబౌలి మైదానానికి మళ్లీ ఒక క్లబ్‌ను తెచ్చే బాధ్యత తీసుకోవాలి. అన్నిటికంటే ముందు, 2023-24లో హైదరాబాద్ తరఫున ఆడినవారిలో ఎవరికి ఎంత చెల్లించారో, ఎవరికి ఇంకా ఎంత రావాలో సమాఖ్య పేరుపేరునా లెక్క తేల్చి ప్రజల ముందు పెట్టాలి.