పొగడ్తలు చాలు, పరుగెత్తే చోటివ్వండి

2023 ఆగస్టు 26న బుడాపెస్ట్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో భారత పురుషుల 4×400 మీటర్ల రిలే జట్టు 2 నిమిషాల 59.05 సెకన్లలో పరుగు ముగించి ఆసియా రికార్డును తిరగరాసింది. మర్నాటి ఫైనల్లో ఐదో స్థానంలో నిలిచింది. ఆ నలుగురు మహమ్మద్ అనస్, అమోజ్ జేకబ్, మహమ్మద్ అజ్మల్, రాజేష్ రమేష్.

ఆ పేర్లను చూసి భిన్నత్వంలో ఏకత్వమని ఎందరో మురిశారు. మేమూ మురిశాం. కానీ 2021 అక్టోబరులో క్రికెట్ జట్టు పాకిస్థాన్ చేతిలో ఓడిన రాత్రి ఆ ఏకత్వం ఎటు పోయింది? పదకొండు మంది ఓడితే మహమ్మద్ షమీనే ద్రోహి అని దూషించారెందుకు? గెలిస్తే దేశబిడ్డ, ఓడితే పరాయివాడు అనే కొలత మాకు సమ్మతం కాదు. పౌరసత్వం పతకమిచ్చి కొనుక్కునే వస్తువు కాదు.

పొగడ్తల కంటే ముందు అవకాశం కావాలి. మల్కాపురం చుట్టూ ఓడరేవు, నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం. ప్రహరీల లోపల నేలకు కొదవ లేదు. బయటి పిల్లలకే చోటు కరువు. అనస్ నౌకాదళ ఉద్యోగి. కేరళ యువకుడికి అండగా నిలిచిన ఆ దళం తన గోడ పక్కన పెరిగే పిల్లలకు వారానికి రెండు పూటలైనా మైదానం గేటు తెరవలేదా?

విశాఖ బిడ్డ జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. 2025 మేలో గుమిలో 12.96 సెకన్లలో ఆసియా హర్డిల్స్ స్వర్ణాన్ని నిలబెట్టుకున్న ఆమె, శిక్షణ కోసం హైదరాబాదుకు, ఆపై భువనేశ్వర్‌కు వెళ్లవలసి వచ్చింది. ఊరు దాటి పంపలేని పేద తల్లిదండ్రుల పిల్లల మాటేమిటి? ఉన్న ఊళ్లోనే ట్రాక్, శిక్షకుడు కావాలనడం భిక్ష అడగడం కాదు, హక్కు.

మన ఇళ్లనూ ప్రశ్నించుకుందాం. ఈడు రాగానే ఆడపిల్ల ఆట ఎందుకు ఆగిపోతోంది? పరదాను సాకుగా చూపకండి. 2006 దోహా ఆసియా క్రీడల్లో బహ్రెయిన్ యువతి రుఖయా అల్ ఘస్రా తల కప్పుకునే 200 మీటర్ల స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తన క్రీడాకారిణులకు హిజాబ్ నిషేధించిన ఫ్రాన్స్‌ను మనం తప్పుపట్టాం. తల కప్పుకున్నా ఆడనివ్వని ఇంటికి ఆ మాట అనే అర్హత ఉందా?

మల్కాపురం తల్లిదండ్రులారా, మైదానం కోసం నగరపాలక సంస్థకు, నౌకాదళ అధికారులకు అర్జీ పెడదాం. ఆ అర్జీలో కొడుకు పేరు కింద కూతురి పేరూ రాద్దాం.