రెండు కాళ్ళ కుర్చీ

కోడూరులో మా ఇంటి వెనుక వసారాలో ఒక కుర్చీ ఉంది. దానికి వెనుక కాళ్ళు లేవు. ఇనుపగొట్టం నేలమీద ముందుకు పాకి, మోకాళ్ళ ఎత్తుకు లేచి, కూర్చునేచోట వెనక్కి మళ్ళి, వీపు దగ్గర మళ్ళీ నిలువుగా సాగుతుంది. చేతులు ఆన్చుకునే పట్టెలు మాత్రం టేకువి. మొన్న సంక్రాంతికి వెళ్ళేసరికి బాబాయి దానిని పాత ఇనుము కొనే బండికి వేయడానికి గుమ్మం దగ్గర పెట్టి ఉంచారు.

"అందులో ఏముందిరా, తుప్పు గొట్టం తప్ప! తాతయ్య గుర్తు కావాలంటే ఆ టేకు పడక కుర్చీ తీసుకుపో" అన్నారు.

బాబాయిని తప్పుపట్టలేను. మన ఇళ్ళలో నిండు కొయ్య సామానుకున్న గౌరవం, కొయ్యతో మరొకటి కలిసిన సామానుకు ఏనాడూ లేదు. కలిసినదంతా మనకు కల్తీయే. ఈ అభిప్రాయం సరికాదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ ఏమైందో కొత్తగా చెప్పనక్కరలేదు. మా పాత ఇంటిలో మిగిలినది వీధి గుమ్మపు ద్వారబంధం ఒక్కటే, అదీ సగం. తాతయ్య అందులో చీలని ముక్కను దాచి, రెండేళ్ళ తరువాత అవనిగడ్డలో గొట్టం వంచించి, ఊళ్ళో వడ్రంగి చేత ఈ పట్టెలు చేయించారట. బందరులో ఏదో ఆఫీసులో అటువంటి కుర్చీ చూసి వచ్చి మనసుపడ్డారని నాయనమ్మ చెప్పేది. కూర్చునే చోటా వీపు దగ్గరా మొదట పేము అల్లిక ఉండేది. అది తెగాక అల్లేవాడు దొరకక ప్లాస్టిక్ వైరు బిగించారు.

బందరు ఆఫీసు కుర్చీకి మూలం ఎక్కడిదో చాలా ఏళ్ళ తరువాత గాని నాకు తెలియలేదు. హంగరీలో పుట్టి, జర్మనీలో డెసావ్ నగరపు బౌహౌస్ కళాశాలలో కొయ్యపని శాఖ నడిపిన మార్సెల్ బ్రాయర్ 1928లో రూపొందించిన కుర్చీ అది. చేతులు లేనిదానికి బి-32, ఉన్నదానికి బి-64 అని సంఖ్యలే పేర్లు. తరువాత 1960లలో ఒక ఇటలీ తయారీదారు బ్రాయర్ కూతురు ఫ్రాంచెస్కా పేరు మీదుగా దానికి చెస్కా అని ముద్దుపేరు పెట్టాడు. వంచిన ఉక్కుగొట్టం, దానికి మరలతో బిగించిన బీచి కర్ర చట్రాలు, చట్రాలలో పేము అల్లిక. అంతే సరంజామా.

వెనుక కాళ్ళు తీసేయడం బ్రాయర్ ఒక్కడి ఊహ కాదు. డచ్చి వాస్తుశిల్పి మార్ట్ స్టామ్ 1926లోనే గ్యాసు గొట్టాలు అతికించి అటువంటిది తయారుచేశాడు. 1927లో స్టుట్‌గార్ట్ ప్రదర్శనలో మీస్ వాన్ డెర్ రో మరొకటి పెట్టాడు. ఎవరిదన్న తగవు కోర్టుకెక్కి, 1932లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం హక్కు స్టామ్‌దేనని తేల్చింది. అవనిగడ్డ వెల్డరుకు ఈ వ్యాజ్యం సంగతి తెలిసి ఉండదు లెండి.

నా దృష్టిలో బ్రాయర్ గొప్పతనం ఉక్కు వాడడంలో లేదు. ఉక్కు వాడాక కొయ్యను మళ్ళీ ఇంటిలోకి పిలవడంలో ఉంది. అంతకు మూడేళ్ళ ముందు, సైకిలు హ్యాండిలు చూసి ఊహ తట్టిందంటూ ఆయన చేసిన కుర్చీలో గొట్టాలూ బిగించిన గుడ్డపట్టీలూ తప్ప మరేమీ లేవు. చూడడానికి అద్భుతమే గాని, అందులో కూర్చుని దినపత్రిక చదవాలని నాకైతే అనిపించదు. 1928 నాటి కుర్చీలో ఒళ్ళు తగిలే చోటల్లా పేమూ కొయ్యా వచ్చాయి. అక్కడ చలికాలంలో ఉక్కు చేతికి జిల్లుమంటుంది. మా కోడూరులో రోహిణీకార్తెలో చురుక్కుమంటుంది. రెంటికీ ఆ టేకు పట్టెలే సమాధానం.

మరొక మాట. ఆ పేము చట్రం బ్రాయర్‌కు తోనే కుర్చీల నుంచి వచ్చిన ఆస్తి. ఆవిరిపట్టి కర్ర వంచే పద్ధతితో 19వ శతాబ్దంలో ఐరోపా హోటళ్ళన్నిటినీ నింపిన కుర్చీలవి. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో మనం చాయ్ తాగిన వంపుకర్ర కుర్చీలది ఆ వంశమే. పాతదాన్ని పారేయకుండా కొత్తదానికి బిగించుకున్నాడన్నమాట.

కలిపిన వస్తువు కల్తీ అనేవారికి మన తీరమే జవాబు చెబుతుంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు రోజ్‌వుడ్ కర్రలో ఏనుగుదంతం పొదిగి, దంతం మీద గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపి, ఇంగ్లీషు దొరల నమూనాలకు కుర్చీలూ బీరువాలూ చేశారు. నమూనా పరాయిది, పనితనం తమది. అవి నేడు మ్యూజియములలో ఉన్నాయి. అప్పుడెవరూ నిండు కర్ర కాదని పెదవి విరవలేదు.

ఇక బండివాడి సంగతి. చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాలకు 1950లలో పియెర్ జన్నరే బృందం చేయించిన టేకు, పేము కుర్చీలు విరిగితే మేడలమీద గుట్టలు పోసి, పాత సామాను కింద వేలం వేశారు. అవే విదేశాలకు చేరి లక్షల ధర పలికాక, 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాలూ ఎగుమతీ ఆపమని ఆదేశించింది. మా కుర్చీకి అటువంటి ధర ఎన్నటికీ రాదు, రావాలనీ లేదు.

బాబాయి వాదనలో ఒక నిజం ఉందని ఒప్పుకోవాలి. హంసలదీవి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి గొట్టం లోపలినుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపల పొరలు రాలుతాయి. మర దిగిన చోట చెమ్మ నిలిచి కొయ్యా చెడుతుంది. మా కుర్చీ ఎడమవైపు వంపులో వేలు దూరే చిల్లు పడింది. అయితే మరలు విప్పితే కొయ్య కొయ్యగా, ఇనుము ఇనుముగా విడిపోతాయి. చెడిన ముక్కను మార్చి తక్కినది నిలుపుకోవచ్చు. ఇంటింటా తెల్లగా మెరిసే అచ్చుపోత ప్లాస్టిక్ కుర్చీ ఒక కాలు చిట్లితే మొత్తంగా చెత్తకుప్పకే. మూడింటిలో దేనిని తక్కువగా చూడాలో మీరే ఆలోచించండి.

బండివాడు గొట్టం తూకానికి ఇంత అని చెప్పి, "చెక్కలు మీరే ఊడదీసుకోండి బాబూ, తూకంలోకి రావు" అన్నాడు. బాబాయి వంగి ఆ పట్టె మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకున్నారు. అడుగువైపు గడియ కోసం తొలిచిన పాత గుంట ఇంకా తెలుస్తుంది.

కుర్చీ ప్రస్తుతానికి వసారాలోకి తిరిగి వచ్చింది. చిల్లుపడిన వంపు కోసి కొత్త గొట్టం అతికిస్తానని నాగాయలంకలో ఒకాయన మాట ఇచ్చాడు. పేము అల్లేవారే దొరకడం లేదు. బందరు, గుడివాడ వైపు ఇంకా ఆ పని చేస్తున్నవారు మీ ఎరుకలో ఉంటే దయచేసి తెలుపగలరు.