చెప్పు జారిపోయినా తెలియలేదట

పోయినేడు సంక్రాంతికి మా పిన్ని కూతురు మా గుమ్మంలోకి ఒక్క చెప్పుతో వచ్చింది. రెండోది వీధి మలుపులో ఎక్కడో జారిపోయిందట, దానికి తెలియనే లేదట. "ఏ లోకంలో ఉన్నావే!" అని అందరికంటే నేనే ఎక్కువ ఏడిపించాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

దాని పని చెప్పులు అతికించడం. హైదరాబాదులో ఓ రేకుల షెడ్డు, ఒకే కిటికీ. పొద్దున్నించి రాత్రిదాకా బ్రష్షుతో గమ్ము రాయడమే.

అప్పటికే కాలివేళ్లు తిమ్మిర్లట. తర్వాత చేతివేళ్లూ మొద్దుబారి జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. మనిళ్లలో తిమ్మిరంటే ఒకటి షుగరు, లేదా రక్తం చాలకపోవడం, అంతేగా? షుగరు లేదని తేలింది. మునగాకు, నువ్వుండలు అంటూ నేనూ సలహాలిచ్చాను. నాలుగు నెలలు బి12 మాత్రలు మింగింది. ఆ నాలుగు నెలలూ రోజూ ఆ షెడ్డుకే వెళ్లింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

చివరికి నరాల డాక్టరుగారు అడిగారు, "ఏం పని చేస్తావమ్మా?" అని. అంతకుముందు చూసిన ముగ్గురూ అడగని ప్రశ్న అది. గమ్ము డబ్బా తెప్పించి చూస్తే అందులో హెక్సేన్ ఉంది.

పెట్రోలు నుంచి తీసే ద్రావకం ఇది. ఇట్టే ఆరిపోతుందని గమ్ముల్లో కలుపుతారు. ఆరడమంటే గాల్లో కలవడమేగా, ఆ గాలే వీళ్లు పీల్చేది. ఒంట్లోకి వెళ్లాక అది ఇంకో పదార్థంగా మారి నరాల్ని దెబ్బతీస్తుంది. పొడవాటి నరాల చివర్లు ముందు దెబ్బతింటాయి కాబట్టి కాలివేళ్లతో మొదలవుతుంది. పని మానేశాక కూడా కొన్ని వారాలపాటు ముదురుతుందట. మాది అలాగే ముదిరింది.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1960ల్లోనే జపాన్‌లో ఇళ్లలో చెప్పులు అతికించేవాళ్లకి వచ్చింది. 2009లో చైనాలోని సుజౌలో, విన్‌టెక్ ఫ్యాక్టరీలో ఫోను తెరలు తుడిచేవాళ్లకి వచ్చింది. ఆల్కహాలు కంటే త్వరగా ఆరుతుందని హెక్సేన్ వాడారు. 137 మంది దెబ్బతిన్నారని 2011లో ఆపిల్ కంపెనీయే ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ సరుకు చేసే చోటే అలా ఉంటే, రేకుల షెడ్డు సంగతి ఎవరికి పట్టింది?

"మాస్కులిచ్చాం కదా" అన్నాడు ఓనరు. గుడ్డ మాస్కు దుమ్మునాపుతుందేమో గానీ ఆవిరినాపదు. కావలసింది గాలిని బయటికి లాగే ఫ్యాను, హెక్సేన్ లేని గమ్ము. "పని మానేస్తే ఇల్లెలా గడుస్తుంది?" అంటారు. నిజమే, నేనూ మానెయ్యమని చెప్పలేను. నెలకింత తెచ్చేది అదొక్కతే ఆ ఇంట్లో. కానీ డాక్టరు దగ్గర కూర్చోగానే, ఆయన అడిగినా అడక్కపోయినా, చేసే పనేమిటో చెప్పండి. వీలైతే డబ్బా మీద రాసింది ఫోటో తీసి చూపించండి. ఇంటికి తెచ్చుకుని అతికించేవాళ్లు మరీను, పిల్లలు పడుకున్న గదిలోనే మూత తీసి పెడతారు.

ఇప్పుడది గోడ పట్టుకోకుండా వంటింటిదాకా నడుస్తోంది. ఏడాది పైనే పడుతుందన్నారు. హుక్కులు ఇంకా వాళ్లమ్మే పెడుతోంది.

మొన్న ఫోన్ చేసింది. షెడ్డులో ఇంకో ఇద్దరమ్మాయిలకి కాళ్లు తిమ్మిర్లట. వాళ్లింట్లో షుగరు పరీక్ష చేయిస్తున్నారట.