ఉలువలకు మద్దతు ధర ఏది?



2017లో సర్కారు సబ్సిడీ మీద 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చింది. మందలు పెరిగినయి గాని, ఏడాది పొడుగునా దాణా ఖర్చు మన నెత్తినే పడ్డది.

మన గంభీరావుపేటలో గొర్రె పిల్లలను మక్కలతోనే బలుపుతున్నం. ఒక్క మక్కలతో కొవ్వు పడుతది, కండ పట్టదు. మక్కల్లో మాంసకృత్తులు నూటికి 9 పాళ్లే, ఉలువల్లో 22. మూడు పాళ్ల మక్కలకు రెండు పాళ్ల ఉలువలు కలిపితే 14 దాటుతది. ఎదిగే పిల్లకు సుమారు అంత కావాలె. ఉలువలు బరకగా పట్టించి పెట్టాలె. దాణా ఒక్కసారే పెంచితే చిటుక రోగం వస్తది. కొద్దికొద్దిగా పెంచాలె, కందిపొట్టు, పచ్చిమేత ఆపొద్దు.

మరి ఉలువలు ఎవరు వేస్తున్నరు? వరికి, కందికి, పెసరకు మద్దతు ధర ఉన్నది. ఉలువలకు, బబ్బెర్లకు లేదు! అందుకే మనం భూమికి బలమిచ్చే పంట విడిచి, బస్తా దాణాకు అప్పు చేస్తున్నం. ఈ తప్పు రైతుది అంటే మేం ఒప్పుకోం.

ఉలువలకు మద్దతు ధర ప్రకటించాలె. విత్తనం సబ్సిడీపై ఇవ్వాలె. ఇది సాధించేదాకా అడుగుతనే ఉందాం. ఈలోగా మంద ఉన్న ప్రతి ఇల్లు అరెకరమైనా ఉలువలు వేద్దాం!