పట్టణపు పటములో పల్లె మాట

పట్టణములకు ఇరువది, ముప్పది యేండ్ల ముందుచూపుతో మాస్టర్ ప్లానులు సిద్ధపరచుటయు, కొంతకాలమునకు వానిని సవరించుటయు నేడు ప్రభుత్వముల విధులలో నొకటి. ఈ పని పట్టణవాసులదనియు, దున్నుకొని బ్రదుకువారికి దానితో నిమిత్తము లేదనియు మన సభ్యులలో పెక్కురు తలచుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదని విన్నవించుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. పట్టణము నడుమ ఇండ్లును వీధులును ఇదివరకే నిండియున్నవి. అచ్చట ప్లాను మార్పగలిగినది స్వల్పము. అది నిజముగా మార్చునది పట్టణమునకు వెలుపలనున్న మాగాణిని, మెట్టను, చెఱువు శిఖమును, వాగు గట్టును, బండిబాటను. అనగా మన యాస్తిని, మన పాటును.

మాస్టర్ ప్లాను అనగా నేమో ముందు స్పష్టముగా తెలిసికొందము. అది యొక పటము, దానివెంట కొన్ని నిబంధనలు. పటములో ప్రతి ప్రదేశమునకు నొక రంగు వేయుదురు. సాధారణముగా నివాసములకు పసుపు, పరిశ్రమలకు ఊదా, పంటభూములకు ఆకుపచ్చ. ఈ భాగములనే జోనులందురు. రంగు వేసినంతమాత్రమున భూమి చేయి మారదు. పట్టా రైతు పేరనే యుండును, నాగలియు నడచుచునే యుండును. కాని యా భూమిలో రేపు ఏమి కట్టవచ్చును, ఏమి కట్టరాదు, దాని నడుమ నెంత వెడల్పు బాట పోవును అనునవి ఆనాడే నిర్ణయమైపోవును. బిడ్డ పెండ్లికి ఎకరము అమ్మబోవునాడు కొనువాడు మొదట చూచునది ఆ రంగునే. ప్రభుత్వము భూమిని సేకరించినచో 2013 నాటి భూసేకరణ చట్టము ననుసరించి పరిహార మడుగుటకు హక్కు కలదు. రంగు మార్చినందులకు మాత్రము పరిహారమనునది లేదు. కనుక పటము ముగియకమునుపే మాటాడుట రైతునకు అవసరము.

ఇది దూరపు మాట కాదు. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ 2008లో నేర్పడినది. నగరము చుట్టునున్న విశాల ప్రాంతమునకు 2031 సంవత్సరము వరకు వర్తించునట్లు 2013లో ప్లాను ప్రకటింపబడెను. 158 కిలోమీటర్ల వెలుపలి వలయపు బాటకు ఇరుప్రక్కల నున్న గ్రామములెన్నియో ఆ పటములో పెరి అర్బన్ జోనుగనో, కన్సర్వేషన్ జోనుగనో గుర్తింపబడినవి. తమ చేను ఏ జోనులో నున్నదో, నేటికిని తెలియని రైతులను మేము గ్రామములలో తిరుగునపుడు చూచుచునే యున్నాము. 2050 వరకు చూపు సారించు క్రొత్త ప్లానును గూర్చిన ప్రస్తావన 2024 నుండి వినవచ్చుచున్నది. జిల్లా పట్టణములకును ఇట్టి ప్లానులు సిద్ధమగుచున్నవి. ఇంకను నిద్రించుటకు వేళ కాదు.

కామారెడ్డిలో జరిగినదానిని మనము మఱువరాదు. 2016లో జిల్లా కేంద్రమైన యా పట్టణమునకు 2022 చివర ముసాయిదా మాస్టర్ ప్లాను ప్రకటించిరి. ఆక్షేపణలు తెలుపుటకు ఇంచుమించు రెండు మాసములు గడు విచ్చిరి. చుట్టుపట్ల గ్రామముల రైతులు తమ పంటభూములు పరిశ్రమల జోనులో చూపబడుట తెలిసికొని కలవరపడిరి. 2023 జనవరిలో వారు కలెక్టరు కచేరీ యెదుట బైఠాయించిరి. ఆ దినములలోనే ఒక రైతు ప్రాణము తీసికొనుట యెల్లరను కలచివేసినది. తుదకు ఆ మాసములోనే పురపాలక సంఘము ముసాయిదాను రద్దుపరచవలెనని తీర్మానించెను. జగిత్యాలలోను అదే మాసమున అట్టి ఆందోళనయు, అట్టి తీర్మానమును జరిగినవి.

ఇందు విచారింపదగిన దొకటి కలదు. గడువు ఇచ్చిరి, ఆక్షేపణలు కోరిరి. నియమము తప్పలేదని యధికారు లనవచ్చును. మఱి ఇంత క్షోభ యేల కలిగెను? అడుగవలసినవారిని అడుగవలసిన వేళ అడుగలేదు గనుక. నవంబరు మొదలు జనవరి వరకు ఆ గడువు నడచినది. వానాకాలపు వరి కోసి, ధాన్యము కొనుగోలు కేంద్రమునకు చేర్చి, యాసంగి నారు పోసి నాట్లు వేయు దినములవి. రైతు కచేరీ గోడపై పటము చూడబోవు తీరిక లేని కాలమును లెక్కించి యెన్నుకొన్నను ఇంతకంటె అనువైనది దొరకదు. ఎవరో కావలెనని యెన్నుకొనిరని మే మనము. పంటల కాలమును తలంచువా రా గదిలో లేకపోయిరని మాత్రము అనవచ్చును.

మా వ్యవసాయ వృత్తిలో నొక నియమము కలదు. నేల పరీక్షింపక యెరువు చెప్పరాదు. మన్ను తీసి, చౌడున్నదో లేదో చూచి, నీటి వసతి విచారించి, నిరుడు వేసిన పంట యేదో రైతు నడిగి, పిదప సలహా చెప్పుదుము. పట్టణ నిర్మాణ శాస్త్రమునందును పెద్దలు చెప్పినది ఇదియే. 1914లో ఈ దేశమునకు వచ్చిన పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు మన దేశమునందలి పెక్కు పట్టణములను కాలినడకన తిరిగి చూచి నివేదికలు వ్రాసెను. రోగము నెరుగక చికిత్స చేయరాదనియు, ఊరిని ప్రజలను ఎరిగిన తరువాతనే గీత గీయవలెననియు ఆయన మతము. నూరేండ్లు దాటినను ఆ మాట పాతబడలేదు. నేడు ఆకాశమునుండి తీసిన చిత్రములతో పటములు గీయుచున్నారు, మంచిదే. కాని యే తూము క్రింద ఎన్ని మళ్లు పారునో, ఏ వాగు మూడేండ్ల కొకసారి గట్టు దాటునో, ఏ దారిని హార్వెస్టరు పోగలదో ఆ చిత్రము చెప్పదు. చెప్పగలవాడు ఊరిలోనున్నాడు.

ఈ హక్కు మన కెవ్వరో దయతో నిచ్చునది కాదు, రాజ్యాంగమునందే కలదు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బదినాలుగవ సవరణ ప్రకారము పది లక్షలకు మించిన జనసంఖ్యగల మహానగర ప్రాంతమునకు ప్రణాళికా సంఘ ముండవలెను. అందు మూడింట రెండు వంతులకు తక్కువ గాకుండ సభ్యులను ఆ ప్రాంతపు పురపాలక సంఘముల ప్రతినిధులును, పంచాయతీల అధ్యక్షులును తమలోనుండి యెన్నుకొనవలెను. జిల్లాకును ప్రణాళికా సంఘ ముండవలెను. పెక్కుచోట్ల ఇట్టి సంఘములు ఏర్పడుటయందును, పనిచేయుటయందును ఎంతయో జాగు జరిగినది. సర్పంచులు దీనిని అడుగవలెను. సర్పంచులను మనము అడుగవలెను.

ఇక మనవైపు దోషములను గూడ చూచికొందము. ప్లానే వద్దు, అంతయు రద్దు కావలెనని కొందరందురు. మేము దీనితో నేకీభవింపము. ప్లాను లేనంతమాత్రమున పట్టణము పెరుగుట మానదు. ప్లాను లేనిచోట లేఅవుటు వేయువాడు చెఱువులోనికి వచ్చు కాలువను పూడ్చును, అలుగునకు అడ్డుగోడ కట్టును, డొంకదారిని ప్లాటులో కలిపికొనును. 2020 అక్టోబరులో హైదరాబాదునందు కుండపోతగా వాన కురిసినపుడు చెఱువులు పొంగి, నీటికి దారిలేక, కాలనీలు మునిగిన సంగతి యెల్లరు నెరుగుదురు. ఎగువ చెఱువుకు దిగువ చెఱువును కలుపుచు పెద్దలు త్రవ్వించిన కాలువలు కనబడకపోవుట దానికి ముఖ్య కారణములలో నొకటి. మంచి ప్లాను అట్టి కాలువను నిలుపును. కనుక చెడ్డ ముసాయిదాను రద్దు చేయించుట సగము పని. మంచి దానిని వ్రాయించుట తక్కిన సగము.

రెండవది, మనలో మనకు ఏకమత్య మున్నదని నటించుట మేలు కాదు. బాట ప్రక్కన భూమిగలవానికి పసుపు రంగు కావలెను. ధర పెరుగును గదా యనును. చెఱువు క్రింద రెండు పంటలు పండించువానికి ఆకుపచ్చ కావలెను. కౌలుదారునకు పటములో పేరే లేదు. భూమి ప్లాటులైననాడు మొదట బయటికి పోవువాడు వాడే. కూలికి పోవు స్త్రీల సంగతి సరేసరి. హైదరాబాదునకు నీరిచ్చు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల రక్షణకై 1996లో 111వ నంబరు ఉత్తరువు వెలువడి 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు విధించెను. నగరమునకు శుభ్రమైన నీరు కావలెననుట న్యాయమే. కాని యా నీటి వెల తమ భూముల ధరలో తామే చెల్లించుచున్నామని యచ్చటి రైతులు ఏండ్లతరబడి మొరపెట్టుకొనిరి. 2022లో ప్రభుత్వ మా ఆంక్షలను తొలగింప నుత్తరువిచ్చినపుడు జలాశయములకు కీడగునని మఱికొందరు దుఃఖించిరి. ఇరువురిలో నొకరిని తప్పుపట్టుట సులభము. మా యభిప్రాయ మేమన, పదిమంది మేలునకై ఒక రైతు చేనిని పచ్చగా నుంచదలచినచో, ఆ పదిమందియు వానికి తగిన ప్రతిఫల మీయవలెను. ఈ మాట ప్లానులోనే వ్రాయించవలెను. పిదప అడిగినచో వినువా డుండడు.

కలిసి కూర్చుండి తేల్చుకొనినచో రైతులు ఏమి చేయగలరో పూనా చెంత మగర్‌పట్టా రైతులు చూపిరి. నగరము తమ పొలములమీదికి వచ్చుట చూచి, సుమారు 120 కుటుంబములవారు ఇంచుమించు 400 ఎకరములను ఒక్కటిగా చేర్చి, తామే వాటాదారులుగా నొక కంపెనీని స్థాపించి, 2000 ప్రాంతమున పట్టణ నిర్మాణమునకు పూనుకొనిరి. ఎవరి భూమి యెంతయో వారి వాటా యంత. వారిలో పెక్కురు ఒకే యింటిపేరువా రగుట వారికి కలిసివచ్చినది; అన్ని యూళ్లకు ఆ పద్ధతి యనుకూలింపదు. అయినను విడివిడిగా నమ్ముకొన్నవానికంటె కలిసి మాటాడినవానికి బలము హెచ్చనుట సహకార సంఘ సభ్యులకు మేము చెప్పవలెనా?

కావున ప్రతి సంఘమును ఈ పనులు చేయవలెనని మా మనవి. మొదట, మీ గ్రామపు సర్వే పటము ప్రతిని తెచ్చి సంఘ కార్యాలయమున నుంచుడు. వయోవృద్ధులను, నీరటిని, గొఱ్ఱెలకాపరిని, కౌలుదారులను కూర్చుండబెట్టి చెఱువు, శిఖము, అలుగు, కాలువలు, వాగు, మేతబీడు, బండిబాట, శ్మశానము, రెండు పంటల భూమి ఎచ్చటెచ్చట నున్నవో దానిపై గుర్తింపుడు. ఈ గ్రామపటమును గ్రామసభలో చదివి, తీర్మానము చేయించి, ప్లాను వ్రాయు అధికారులకు ముసాయిదా తయారు కాకమునుపే పంపుడు. పిదప ముసాయిదా వెలువడినపుడు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చుడు. ఆక్షేపణ నోటిమాటగా చెప్పవలదు. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, నీటి వసతి, కావలసిన మార్పు, దాని కారణము వ్రాసి యిచ్చి రసీదు పుచ్చుకొనుడు. వ్రాయలేనివారికి కార్యదర్శి వ్రాసిపెట్టవలెను.

ప్రభుత్వమువారిని మనము కోరవలసినవియు కలవు. పటమును నిబంధనలను తెలుగులో, సర్వే నంబర్లతో, ప్రతి పంచాయతీ కార్యాలయమున నుంచవలెను. సభ ఊరిలోనే జరుగవలెను, నాట్ల కాలమున కోతల కాలమున గాక తీరికగల దినములలో జరుగవలెను. వచ్చిన ప్రతి యాక్షేపణకు, అంగీకరించినను నిరాకరించినను, కారణముతో వ్రాతమూలకముగా జవాబీయవలెను. ఇరువది యేండ్లకు వ్రాసిన ప్లాను ఇరువదియేండ్లును కదలక యుండరాదు. ఐదేండ్ల కొకసారి గ్రామములకు వచ్చి, అనుకొన్న దేమి, జరిగిన దేమి యని తరచి చూడవలెను. వాన చూచి పంట మార్చుకొను రైతునకు ఈ న్యాయము క్రొత్త కాదు.

పటము గీయువారు మనకు శత్రువులు కారు. వారికి తెలిసినది కొలత, మనకు తెలిసినది నేల. ఈ రెండును ఒకే బల్లమీద కలియకున్నచో నష్టము మొదట పల్లెకు, పిదప పట్టణమునకు గూడ కలుగును. నీరును, అన్నమును, పాలును పట్టణమునకు పోవుచున్నది మన యూళ్లనుండియే గదా. వచ్చు మాసపు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చనీయాంశములలో మొదటిదిగా చేర్చవలెనని సంఘ కార్యదర్శులను కోరుచున్నాము. గ్రామపటము సిద్ధపరచుటలో మా సహాయము కావలసిన సంఘములు తెలియజేసినచో మేము వచ్చి తోడ్పడుటకు సిద్ధముగా నున్నాము.